చిట్టమూరు తీరాన కరెంటు లెక్క

నాయుడుపేట దగ్గర చెన్నై – కోల్‌కతా జాతీయ రహదారిని విడిచి సముద్రం దిక్కుకు సాగితే నేల మెల్లమెల్లగా చదునవుతుంది. మొదట వరి మళ్ళు, చెరువు కట్టలు, తాటి వరుసలు కనిపిస్తాయి. ఆ తర్వాత రొయ్యల గుంటలు ఎదురవుతాయి. గుంటల నడుమ ఏరియేటర్ల చక్రాలు నీటిని చిలుకుతూ రాత్రింబవళ్ళు తిరుగుతుంటాయి. సుబ్రహ్మణ్యేశ్వరాలయంతో పేరుపొందిన మల్లాం, దాని చుట్టుపక్కల పల్లెలు, ఇంకా ముందుకు వెళితే పులికాట్ సరస్సు ఉత్తరపు అంచు – ఇదీ చిట్టమూరు మండలం. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు ఈ మండలం అందులో చేరింది. అయినా ఇక్కడి వారి మాటలో, వంటలో, పంటలో నెల్లూరు తీరమే పలుకుతుంది.

ఈ ప్రాంతానికి వచ్చేవారు సాధారణంగా రెండు దృశ్యాల కోసం వస్తారు. ఒకటి, పొరుగున దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు. అక్కడ చెరువులోని కడప చెట్లపై గూడబాతులు గూళ్ళు కట్టుకొని పిల్లలను సాకుతాయి. రెండవది, శీతకాలంలో పులికాట్ ఉప్పునీటిలో బారులు తీరే రాజహంసలు. మేము ఈ రెండింటినీ చూశాము. అయితే ఈ వ్యాసం వాటి గురించి కాదు. ఈ తీరంలోని పిల్లలు చదువుకొనే ప్రాంగణాల గురించి, ఆ ప్రాంగణాలలో వెలిగే దీపాల గురించి, తిరిగే పంకాల గురించి, వాటికి ఈ నేల చెల్లిస్తున్న మూల్యం గురించి.

ఒకే తీరం, రెండు కొసలు

చిట్టమూరుకు ఉత్తరంగా ఇదే తీరాన కృష్ణపట్నం రేవు ఉంది. దాని సమీపంలోని నేలటూరులో శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. ఒక్కొక్కటి 800 మెగావాట్ల సామర్థ్యం గల మూడు యూనిట్లు అక్కడ బొగ్గును మండించి విద్యుత్తును తయారుచేస్తాయి. ఆ విద్యుత్తు రాష్ట్రమంతటికీ, రాష్ట్రం దాటి దేశమంతటినీ కలిపే గ్రిడ్‌కూ చేరుతుంది. అందుచేత ఏ గదిలో వెలిగే దీపానికి ఏ కేంద్రం నుండి కరెంటు వచ్చిందో విడదీసి చెప్పడం సాధ్యం కాదు. కాని సగటు లెక్క చెప్పవచ్చు. బొగ్గు కేంద్రంలో ఒక యూనిట్ విద్యుత్తు పుట్టాలంటే అరకిలోకు పైగా బొగ్గు కాలాలి. జల, సౌర, పవన విద్యుత్తులను కూడా కలుపుకొని చూస్తే, మన గ్రిడ్ నుండి వాడుకొనే ప్రతి యూనిట్ వెనుక సుమారు 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది.

దక్షిణపు కొసన పులికాట్ ఉంది. చిలకా తర్వాత దేశంలో రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. సముద్రానికీ దీనికీ నడుమ అడ్డుగోడలా నిలిచినది శ్రీహరికోట దీవి. గాలిలో ఈ వాయువు పెరిగేకొద్దీ భూమి వేడెక్కుతుంది, సముద్రమట్టం పెరుగుతుంది. 1901 నుండి 2018 వరకు ప్రపంచ సగటు సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగిందని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం నిర్ధారించింది. కొండ ప్రాంతం వారికి 20 సెంటీమీటర్లు జానెడు మాత్రమే. కాలువలోకి ఉప్పునీరు ఎగదన్నితే మడి చవుడుబారే చోట ఆ జానెడే ఒక కుటుంబపు కూడు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటకముందే ఈ తీరాన్ని కుండపోత వానలతో ముంచెత్తింది. ఇటువంటి కుండపోతలు వేడెక్కిన సముద్రం మీద మరింత బలం పుంజుకొంటాయని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు.

అంటే, ఒకే తీరపు ఒక కొసన బొగ్గు కాలుతోంది, మరొక కొస ఆ మంట ఫలితాన్ని అనుభవించడానికి వరుసలో నిలిచి ఉంది. రెండింటి నడుమ మన బడులు, కళాశాలలు, మస్జిదులు, ఇళ్ళు ఉన్నాయి.

చదువుల ప్రాంగణం ఒక చిన్న పట్టణం

ఈ ప్రాంతపు పిల్లలకు ఉన్నత విద్య ఒకప్పుడు దూరపు మాట. పొరుగు కోట మండలంలోని విద్యానగర్‌లో 1979లో ఇంజనీరింగ్ కళాశాల వెలిసిన తర్వాత పరిస్థితి మారింది. 2008లో నెల్లూరు కేంద్రంగా విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇటీవలి సంవత్సరాలలో ఏర్పేడు వైపు ఐఐటీ కూడా వచ్చింది. చేపల వేట, వ్యవసాయం, చిల్లర వ్యాపారం చేసుకొనే కుటుంబాల నుండి తొలి తరం పట్టభద్రులు ఈ ప్రాంగణాలలోనే తయారవుతున్నారు. వారిలో మన ముస్లిం కుటుంబాల ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. ఇది సంతోషించవలసిన విషయం.

అయితే ఒక కళాశాల ప్రాంగణాన్ని కరెంటు మీటరు కంటితో చూసినవారు తక్కువ. తరగతి గదులు, ప్రయోగశాలలు, కంప్యూటర్ గదులు, గ్రంథాలయం, వసతిగృహాలు, వంటశాల, నీటి మోటార్లు, వీధి దీపాలు – ఇవన్నీ కలిస్తే అది ఒక చిన్న పట్టణమే. పట్టణంతో పోలిస్తే ఒక్కటే తేడా. ఇంట్లో దీపం ఆర్పేవాడు, బిల్లు కట్టేవాడు ఒక్కరే. ప్రాంగణంలో భవనాన్ని కట్టించేది ఒకరు, అందులో చెమటోడ్చేది మరొకరు, బిల్లు చెల్లించేది ఇంకొకరు. తక్కువ ఖర్చులో కప్పు వేసి చవక పంకాలు బిగించిన కాంట్రాక్టరు డబ్బు తీసుకొని వెళ్ళిపోతాడు. పై అంతస్తు గదిలో విద్యార్థి ముప్పై ఏళ్ళపాటు, తరం తర్వాత తరం, ఆ వేడిని మోస్తాడు. బిల్లు ఫీజులో కలిసి తల్లిదండ్రుల చేతికి వస్తుంది. దుబారా ఎక్కడ పుట్టిందో ఎవరికీ కనిపించదు. కనిపించని దానికి బాధ్యులూ ఉండరు.

వైశాఖ మాసపు మధ్యాహ్నం ఈ తీరంలో ఒక చిన్న మస్జిదులో మేము జుహర్ నమాజు చేసుకొన్నాము. కొత్తగా పోసిన సిమెంటు కప్పు కింద పంకా గాలి కూడా సెగలాగే తగిలింది. బయట వేపచెట్టు నీడలోకి రాగానే ప్రాణం లేచివచ్చింది. పంకా గాలిని చల్లబరచదు, ఉన్న గాలిని కదిలిస్తుంది అంతే. కప్పు కొలిమి అయినప్పుడు పంకా ఆ కొలిమి గాలినే పంచిపెడుతుంది. కాబట్టి కరెంటు పొదుపు మీట దగ్గర కాదు, కప్పు దగ్గర మొదలు కావాలి.

హైదరాబాదు ప్రాంగణాలు చెప్పే పాఠం

ఈ విషయంలో తెలుగు నేలకు అనుభవం లేకపోలేదు. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి శాశ్వత భవనాలు కట్టదలచినప్పుడు, నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు ఇంజనీర్లను ప్రపంచంలోని విశ్వవిద్యాలయాలను చూసి రమ్మని పంపారు. బెల్జియం దేశపు వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన చేయగా, 1939లో ఆర్ట్స్ కళాశాల భవనం ప్రారంభమైంది. మందమైన రాతి గోడలు, ఎత్తైన పైకప్పులు, విశాలమైన నడవలు అందులో ఉన్నాయి. ఏసీ లేని కాలంలో కట్టిన ఆ గోడలకు పగటి వేడి లోపలికి చేరేసరికి పొద్దు వాలుతుంది.

రెండవ పాఠం 2004 నాటిది. హైదరాబాదు కొత్తగూడ ప్రాంతంలో భారత పరిశ్రమల సమాఖ్య నిర్మించిన సోరాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రాన్ని ఆ ఏడాది జూలై 14న నాటి రాష్ట్రపతి డాక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం ప్రారంభించారు. అది విశ్వవిద్యాలయం కాదు గాని, దేశంలోని ఎన్నో ప్రాంగణాలకు పాఠశాల అయింది. అమెరికా వెలుపల ‘లీడ్’ ప్లాటినం గుర్తింపు పొందిన మొదటి భవనం అదే. నడుమ ముంగిలి, చుట్టూ జాలీ గోడలు, సగానికి పైగా కప్పు మీద పచ్చిక, గాలిని పట్టి చల్లబరచి లోపలికి దించే రెండు గాలి గోపురాలు, సౌర ఫలకాలు – వీటన్నిటి వల్ల అదే పరిమాణంగల సాధారణ భవనంతో పోలిస్తే విద్యుత్తు వాడకం దాదాపు సగానికి తగ్గింది.

ఇక్కడ మన పాఠకులు గమనించవలసిన మాట ఒకటుంది. ఈ జాలీ, ఈ ముంగిలి, ఈ గాలి గోపురం విదేశాల నుండి నిన్న మొన్న దిగుమతి అయినవి కావు. ఇరాన్‌లోని యజ్ద్ నగరంలో బాద్‌గీర్‌లు, ఈజిప్టులో మల్కఫ్‌లు శతాబ్దాలుగా ఎడారి గాలిని ఇళ్ళలోకి దించుతున్నాయి. జాలీ కిటికీ పరదానూ నీడనూ గాలినీ ఒకేసారి ఇచ్చింది. ఇరవయ్యవ శతాబ్దంలో ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫత్హీ ఈ పాత పద్ధతులనే పేదల ఇళ్ళకు మళ్ళీ తీసుకురావాలని జీవితమంతా శ్రమించాడు. మన పూర్వీకులకు తెలిసిన విద్యను మనం అద్దాల గోడల మోజులో మరచిపోయాము.

మూడవ పాఠం కొలతలతో కూడినది. హైదరాబాదులోని ఐఐఐటీ పరిశోధకులు, అమెరికాకు చెందిన లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల వారు కలిసి నగరంలోని రెండు భవనాల కప్పులకు తెల్లని పూత వేసి చూశారు. 2012లో వెలువడిన వారి ఫలితాల ప్రకారం, మామూలు కాంక్రీటు కప్పును తెల్లబరిస్తే గదులను చల్లబరచడానికి అయ్యే విద్యుత్తు 10 నుండి 19 శాతం తగ్గింది. అంతకుముందు నల్లగా ఉన్న కప్పు మీద ఆదా 14 నుండి 26 శాతం. 2017లో అదే నగరంలోని ఒక పేదల బస్తీలో ఇళ్ళ కప్పులపై తెల్లని పొర పరచి చూస్తే, పొర లేని ఇళ్ళకంటే లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తక్కువగా నమోదైంది. ఈ అనుభవాల ఆధారంగానే 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించింది.

ఈ గాలికి తగిన కట్టడం

అయితే హైదరాబాదులో చేసినదంతా చిట్టమూరులో చేస్తే చాలునా? చాలదు. ఇక్కడే వివేకం అవసరం.

హైదరాబాదు దక్కను పీఠభూమి. అక్కడ రాత్రి చల్లబడుతుంది. పగలు వేడెక్కిన రాతి గోడ రాత్రికి ఆ వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. నెల్లూరు తీరం అలా కాదు. ఇక్కడ గాలి నిండా తేమ. రాత్రి కూడా ఉక్క వదలదు. మందమైన గోడ పగలు దాచుకొన్న వేడిని నడిరాత్రి పడుకొన్నవారి మీదికే వదులుతుంది. గాలి గోపురంలో నీటిని ఆవిరి చేసి చల్లదనం తెచ్చే ఉపాయం కూడా తేమ గాలిలో అంతగా పారదు. ఇక్కడ రక్షించేవి మూడు: నీడ, తెల్లని కప్పు, అడ్డులేని గాలి. ఎండాకాలంలో మధ్యాహ్నం దాకా పడమటి వడగాలి వీచినా, పొద్దు వాలే వేళకు సముద్రం నుండి పైరగాలి వస్తుంది. ఆ గాలి తూర్పు కిటికీ నుండి దూరి పడమటి కిటికీ నుండి వెళ్ళేలా గదికి రెండు వైపులా తెరపులు ఉండాలి. ఈ తీరంలోని పాతకాలపు తాటాకు ఇళ్ళు ఈ సూత్రాన్నే పాటించాయి. దట్టమైన ఆకు కప్పు ఎండను ఆపింది, కిందికి దిగిన చూరు గోడకు నీడనిచ్చింది. నేటి వసతిగృహాలలో నడుమ చీకటి నడవ, దానికి రెండు ప్రక్కలా ఒకే కిటికీ గల గదులు. గాలి దూరడానికి దారి ఉంది, వెళ్ళడానికి దారి లేదు. ఆ తర్వాత ఏసీ పెట్టక తప్పదు.

ఇప్పటికే కట్టిన ప్రాంగణాలను పడగొట్టలేము. వాటిలో చేయదగిన పనులకు ఒక వరుస ఉంది. మొదటిది కొలవడం. ప్రాంగణమంతటికీ ఒకే మీటరు ఉంటే ఎవరి వాడకం ఎంతో తెలియదు. ప్రతి భవనానికీ వేరు మీటరు పెట్టి నెలనెలా ఆ అంకెను గోడ మీద రాస్తే చాలు, సగం దుబారా సిగ్గుతోనే తగ్గుతుంది. రెండవది ఖర్చులేని పనులు. ఖాళీ గదిలో మీటలు ఆర్పడం, నిండిన ట్యాంకు పొంగిపొర్లకుండా మోటారుకు ఆటోమేటిక్ స్విచ్ పెట్టడం, ఏసీని 24 డిగ్రీల దగ్గర ఉంచడం. 2020 జనవరి నుండి స్టార్ గుర్తు గల గది ఏసీలన్నీ 24 డిగ్రీల వద్దనే మొదలు కావాలని కేంద్ర ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఒక్కొక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు మిగులుతుంది. మూడవది కప్పు. నాణ్యమైన తెల్ల పూత వేయలేని చోట సున్నం కొట్టినా మేలే, కాని ఏటా మళ్ళీ కొట్టాలి. పగిలిన తెల్ల టైలు ముక్కలు పరిస్తే ఎన్నో ఏళ్ళు నిలుస్తాయి. నాలుగవది పరికరాలు.

పంకాల సంగతే చూడండి. పాత పంకా సుమారు 75 వాట్లు తింటుంది. బీఎల్‌డీసీ మోటారు గల కొత్త పంకా 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. 200 గదుల వసతిగృహంలో గదికి రెండు చొప్పున 400 పంకాలు ఉన్నాయనుకొందాం. రోజుకు 12 గంటల చొప్పున ఏడాదిలో 270 రోజులు తిరిగితే, పంకాలు మార్చడం వల్ల 58 వేల యూనిట్లకు పైగా మిగులుతాయి. అంటే సుమారు 40 టన్నుల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలవకుండా ఆగుతుంది. ఇంతే విద్యుత్తును కప్పు మీది సౌర ఫలకాలతో పుట్టించాలంటే దాదాపు 40 కిలోవాట్ల ఫలకాలు, వాటికి 400 చదరపు మీటర్ల కప్పు కావాలి. సౌర ఫలకాలు వద్దని మేము అనడం లేదు. అవి తప్పక కావాలి. కాని చిల్లికుండను పూడ్చిన తర్వాతనే నీళ్ళు పోయాలి. కొన్ని సంస్థలు పనికిమాలిన పంకాలూ వేడెక్కే కప్పులూ అలాగే ఉంచి, సింహద్వారం మీద నాలుగు ఫలకాలు పెట్టి ఫోటో తీయించుకొంటాయి. అది పొదుపు కాదు, ప్రదర్శన.

పొదుపు వేరు, పిసినారితనం వేరు

ఈ లెక్కలన్నీ చెబుతున్నప్పుడు ఒక న్యాయమైన ప్రశ్న ఎదురవుతుంది. నగరాలలో అద్దాల భవనాలు చలి పుట్టేంత ఏసీతో నడుస్తుంటే, రొయ్యల గుంట దగ్గర కూలి చేసేవాని కొడుకు గదిలో పంకా ఆర్పమని చెప్పడం ధర్మమా? కాదు. విద్యుత్తు పొదుపు పేరుతో విద్యార్థి పంకాను ఆర్పించే ప్రాంగణం అన్యాయం చేస్తోంది. అంతే గాలిని సగంకంటే తక్కువ విద్యుత్తుతో ఇచ్చే ప్రాంగణమే న్యాయం చేస్తోంది. అవసరాన్ని తగ్గించడం కాదు, వృథాను తగ్గించడం మన లక్ష్యం.

ఇస్లాం మనకు నేర్పిన మధ్యేమార్గం ఇదే. ఇస్రాఫ్ అంటే దుబారా ఎంత నింద్యమో, పిసినారితనమూ అంతే నింద్యం. ప్రవహించే నది ఒడ్డున కూర్చొని వుజూ చేసేటప్పుడు కూడా నీటిని వృథా చేయరాదని దైవప్రవక్త (స) బోధించారు. నది నీరు మన డబ్బుతో కొన్నది కాదు, అయినా మితం తప్పనిసరి. ‘బిల్లు నేను కట్టడం లేదు కదా’ అనే మాటకు ఇంతకంటే సూటి జవాబు లేదు. వసతిగృహపు కరెంటు కూడా ఆ నది వంటిదే. అది అమానత్. దాని లెక్క వార్డెన్‌కు కాకపోయినా మరొకచోట చెప్పవలసి ఉంటుంది.

మన ఇంటి నుండి, మన మస్జిదు నుండి

పిల్లలను కళాశాలలో చేర్చేటప్పుడు మనం అధ్యాపకుల గురించి, ఫలితాల గురించి, ఉద్యోగాల గురించి అడుగుతాము. ఇకమీదట మరో మూడు ప్రశ్నలు కూడా అడుగుదాం. వసతిగృహం పై అంతస్తు కప్పుకు వేడి ఆపే పూత ఉందా? గదికి రెండు వైపులా గాలి ఆడుతుందా? విద్యుత్తు వాడకం లెక్క విద్యార్థులకు కనిపిస్తుందా? ఫీజు కట్టే తల్లిదండ్రులకు ఈ ప్రశ్నలు వేసే హక్కు ఉంది. పదిమంది అడిగితే యాజమాన్యం వింటుంది, వందమంది అడిగితే కట్టడాలే మారుతాయి.

మన మస్జిదుల కమిటీలు కూడా ఈ పనికి ముందుకు రావచ్చు. రెండు వరుసల నమాజీలు ఉన్న వేళ హాలంతా పంకాలు తిరగనవసరం లేదు. వరుసకొక మీట ఉంటే చాలు. రమజాన్ రాకకు ముందు గోడలకు సున్నం వేసే రోజునే కప్పుకు కూడా వేయిద్దాం. వుజూ కొళాయిలు కారకుండా చూస్తే నీటితోపాటు మోటారు కరెంటూ మిగులుతుంది. సొంత ఇల్లు గలవారికి 2024లో ఆరంభమైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల సౌర ఫలకాలకు 78 వేల రూపాయల వరకు రాయితీ లభిస్తోంది. ఒక కిలోవాటు ఫలకం రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది.

చిట్టమూరు తీరాన నిలబడినవారికి దూరపు గిట్టుబాటు లెక్కలు అక్కరలేదు. సముద్రం దగ్గరగానే ఉంది. పులికాట్ నీటి మీద వాలే పక్షులకు కృష్ణపట్నం పొగగొట్టం సంగతి తెలియదు. మనకు తెలుసు. తెలిసినవారి మీదనే బాధ్యత ఉంటుంది. ఈ తీరపు పిల్లలు చదువుకొని తిరిగి వచ్చేసరికి వారి ఊరు, వారి మడి, వారి సరస్సు వారికోసం మిగిలి ఉండేలా చూడడం, వారి చదువుకు ఫీజు కట్టినంత అవసరమైన పని. ఆ సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక.